క్షేత్ర దత్తాంశ బోర్డు పెన్‌డ్రైవ్‌ను గుర్తించనప్పుడు: కారణాన్వేషణలో పాటించవలసిన క్రమం

దాళ్వా వరిలో నీటి పొదుపుపై జరిగే క్షేత్ర ప్రయోగాలలో కొన్నేళ్లుగా ఒక మార్పు కనిపిస్తున్నది. మడిలో పాతిన రంధ్రాల గొట్టంలోకి ప్రతి ఉదయం స్కేలు దించి నీటి మట్టాన్ని పుస్తకంలో రాసుకునే పనిని ఇప్పుడు సెన్సరుకూ, అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్ బోర్డుకూ అప్పగిస్తున్నారు. సెన్సరు 15 నిమిషాలకొకసారి కొలుస్తుంది. బోర్డు ఆ విలువను యూఎస్‌బీ పెన్‌డ్రైవ్‌లో రాస్తుంది. వారానికో పదిహేను రోజులకో ఒకరు వెళ్లి డ్రైవ్ మార్చుకొని వస్తారు. సెల్ సంకేతం నిలకడగా అందని చోట్ల ఇది చౌకైన, తేలికైన ఏర్పాటు. అయితే ఈ గొలుసులో తెగిపోయే లంకె చాలాసార్లు సెన్సరు కాదు, బోర్డూ కాదు. బోర్డుకూ నిల్వ సాధనానికీ మధ్య జరగవలసిన సంభాషణే ఎక్కడో ఆగిపోతుంది.

అందువల్ల కలిగే నష్టం చిన్నది కాదు. తడి–పొడి పద్ధతిలో గొట్టంలోని నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల దిగువకు చేరిన తరువాతనే మడికి తిరిగి 5 సెంటీమీటర్ల లోతున నీరు పెడతాము. పూతకు ఒక వారం ముందు నుంచి ఒక వారం తరువాత వరకు మాత్రం మడిని ఆరనివ్వము. ఎంటీయూ 1010 వంటి 120 రోజుల రకంలో ఆ పక్షం రోజుల దత్తాంశం లేకపోతే, తాలు గింజలు పెరగడానికి నీటి ఎద్దడి కారణమా, వేడి కారణమా, తెగులు కారణమా అని తేల్చడానికి ఆధారమే మిగలదు. నత్రజని తగ్గితే పైపాటుగా వేసి సరిచేయవచ్చు. గడిచిపోయిన పూత దశను తిరిగి కొలవలేము. మరొక దాళ్వా దాకా ఆగాలి. పరిశోధక విద్యార్థికి మరొక దాళ్వా అంటే మరొక సంవత్సరం.

ఈ వ్యాసంలో పట్టిసీమ ఒడ్డున మోటారు నీటితో దాళ్వా వేసిన ఒక మడిని ఉదాహరణగా తీసుకుంటున్నాను. పట్టిసీమ ధవళేశ్వరం ఆనకట్టకు ఎగువన, గోదావరి కుడి గట్టున ఉన్నది. 1852లో పూర్తయిన ఆ ఆనకట్ట నుంచి బయలుదేరే డెల్టా కాలువలు దిగువ పొలాలకే తప్ప ఇక్కడికి రావు. ఇక్కడి రైతు నదినుంచో బోరునుంచో నీరు తోడుకోవలసిందే. అదే ఒడ్డున 2015లో ప్రారంభమైన ఎత్తిపోతల పథకం 24 పంపులతో 8,500 క్యూసెక్కుల నీటిని కృష్ణకు మళ్లించే సామర్థ్యంతో నిర్మితమైనది. నదిని లక్షల ఘనపుటడుగుల లెక్కన తోడే చోటికి కూతవేటు దూరంలో మడి నీటిని సెంటీమీటర్లలో కొలుస్తున్నామన్నది విచిత్రంగా తోచవచ్చు. కాని తోడిన ప్రతి చుక్కకూ కరెంటు ఖర్చయ్యే ఇటువంటి చోటనే ఆ సెంటీమీటరుకు విలువ ఎక్కువ.

ఆకు పసుపు రంగుకు మారితే

బోర్డు పెన్‌డ్రైవ్‌ను చూపించకపోతే విద్యార్థులు సాధారణంగా చెప్పే మాట ‘డ్రైవర్ సమస్య’. ఆకు పసుపు రంగుకు మారిందని చెప్పి మందు అడగడం వంటిదే ఇది. వరిలో ముదురు ఆకులు ముందుగా పాలిపోతే నత్రజనిని అనుమానిస్తాము. నాట్లు వేసిన రెండు నుంచి నాలుగు వారాలలో కింది ఆకులపై తుప్పు రంగు మచ్చలు వస్తే జింకును. నారుమడిలో లేత ఆకులే తెల్లబడితే ఇనుమును. లక్షణం ఒకటే అయినా అది ఏ ఆకులో, ఏ దశలో మొదలైందో చూడనిదే కారణం తెలియదు. యూఎస్‌బీ నిల్వ విషయంలోనూ ‘కనిపించడం లేదు’ అన్నది లక్షణం మాత్రమే. సంభాషణ ఏ మెట్టు దగ్గర ఆగిందో చూడాలి. అలా చూసినప్పుడు డ్రైవర్ దోషి కావడం అరుదనీ, విద్యుత్తు, తీగ, ఫైల్ వ్యవస్థలలోనే కారణం ఎక్కువగా దొరుకుతుందనీ తెలుస్తుంది.

ఆ మెట్లను ఒకసారి వరుసగా చూద్దాం. యూఎస్‌బీ 2.0 తీగలో నాలుగు పోగులుంటాయి: 5 వోల్టుల విద్యుత్తు, భూమి, దత్తాంశానికి రెండు. డ్రైవ్‌ను గుచ్చగానే దత్తాంశపు పోగులలో ఒకదాని వోల్టేజీ పైకి లేస్తుంది. ఏదో వచ్చి చేరిందని బోర్డుకు తెలిసేది దానివల్లనే. అప్పుడు బోర్డు ఆ సాధనాన్ని ఒకసారి రీసెట్ చేసి, వివరాలడిగి, దానికొక చిరునామా సంఖ్య కేటాయిస్తుంది. సాధనం తన వివరాలలో తానే తరగతికి చెందినదో చెప్పుకుంటుంది. నిల్వ సాధనాల తరగతి సంఖ్య 08. ఆ సంఖ్య చూసిన తరువాతనే లైనక్స్ కెర్నల్ సాధనాన్ని యూఎస్‌బీ-స్టోరేజ్ అనే డ్రైవర్‌కు అప్పగిస్తుంది. అంటే డ్రైవర్ రంగంలోకి దిగేసరికే సగం ప్రయాణం పూర్తయి ఉంటుంది.

ఆ తరువాత డ్రైవర్ స్కజీ ఆదేశాల భాషలో మాట్లాడుతుంది. ప్రతి ఆదేశమూ 31 బైట్ల కవరులో వెళుతుంది, తరువాత దత్తాంశం అటో ఇటో కదులుతుంది, చివరకు 13 బైట్ల జవాబులో పని జరిగిందీ లేనిదీ తెలుస్తుంది. నువ్వెవరు, సిద్ధంగా ఉన్నావా, నీ సామర్థ్యమెంత అన్న ప్రశ్నలకు జవాబులు వచ్చాక ఎస్‌డీఏ అనే పేరుతో డిస్కు ఏర్పడుతుంది. అందులోని విభాగం ఎస్‌డీఏ1. దానిలోని ఫైల్ వ్యవస్థను ఒక డైరెక్టరీకి మౌంట్ చేస్తే, ఆపైన మన ప్రోగ్రాం రాయడం మొదలుపెడుతుంది. నీరు తూము నుంచి బోదెకు, బోదె నుంచి మడికి చేరినట్లు ఒక్కొక్క మెట్టూ పై మెట్టు మీద ఆధారపడుతుంది. కనుక వెతకడం కూడా తూము దగ్గరనుంచే మొదలుపెట్టాలి.

ఆపి మళ్లీ వేయకముందు

పొలంలో బోర్డు మొరాయించగానే చేతులు స్విచ్చి మీదికే పోతాయి. ఆ తొందర వద్దు. కెర్నల్ తన సందేశాలను మెమరీలో ఉంచుకుంటుంది. కరెంటు తీసిన క్షణాన అవి చెరిగిపోతాయి. రోగి చెప్పబోతున్న మాటను నోరు మూసి ఆపినట్లవుతుంది. ముందుగా డీమెసేజ్ అనే ఆజ్ఞతో ఆ సందేశాలను చదివి, కార్డులోని ఒక ఫైలులోకి భద్రపరచాలి. తరువాత ఎల్‌ఎస్‌యూఎస్‌బీ ఆజ్ఞతో సాధనం చిరునామా పొందిందో లేదో, ఎల్‌ఎస్‌బీఎల్‌కే ఆజ్ఞతో డిస్కు ఏర్పడిందో లేదో చూడాలి. ఈ మూడింటికీ కలిపి రెండు నిమిషాలు పట్టదు. పొలానికి బోర్డును పంపే ముందే సిస్టమ్ జర్నల్‌ను కార్డుపై శాశ్వతంగా నిల్వ చేసేటట్లు అమర్చుకుంటే, రాత్రి కరెంటు పోయి బోర్డు తనంత తానే తిరిగి మొదలైనా పాత సందేశాలు దొరుకుతాయి.

ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో సాధనమే లేకపోతే వెతకవలసినది విద్యుత్తులో, తీగలో, పోర్టులో. సాధనం ఉండి డిస్కు లేకపోతే డ్రైవర్‌లో. డిస్కు ఉండి మౌంట్ కాకపోతే ఫైల్ వ్యవస్థలో. అన్నీ ఉండి ఫైలు ఖాళీగా ఉంటే ప్రోగ్రాంలో, లేదా డ్రైవ్‌ను తీసిన చేతిలో.

విద్యుత్తు

పొలంలో బోర్డుకు విద్యుత్తు సౌర ఫలకం నుంచి 12 వోల్టుల బ్యాటరీకి, అక్కడినుంచి వోల్టేజీని 5కు తగ్గించే చిన్న కన్వర్టరుకు, చివరకు ఒక తీగ ద్వారా బోర్డుకు వస్తుంది. ఫలకానికీ బ్యాటరీకీ లెక్కలు వేసినవారు కూడా ఆ చివరి తీగను పట్టించుకోరు. నా అభిప్రాయంలో పొలంలో ఎదురయ్యే యూఎస్‌బీ వైఫల్యాలకు అన్నిటికంటే ముందు అనుమానించవలసినది దానినే.

లెక్క చూడండి. చౌక ఛార్జింగ్ తీగలలో తరచుగా వాడే 28 గేజి రాగి పోగుకు మీటరుకు సుమారు 0.21 ఓముల నిరోధం ఉంటుంది. మీటరు పొడవున్న తీగలో కరెంటు వెళ్లి రావడానికి రెండు మీటర్ల పోగు అవుతుంది కనుక మొత్తం నిరోధం 0.43 ఓములు. బోర్డు, డ్రైవ్, సెన్సరు కలిసి 1 ఆంపియరు లాగితే తీగలోనే 0.43 వోల్టు పోతుంది. కన్వర్టరు వద్ద సరిగ్గా 5 వోల్టులున్నా బోర్డు వద్దకు చేరేది 4.57. రాస్ప్‌బెర్రీ పై బోర్డులు 4.63 వోల్టుల దగ్గరనే వోల్టేజీ తగ్గిందని హెచ్చరిస్తాయి. అదే పొడవున్న 24 గేజి తీగలో పోయేది 0.17 వోల్టు మాత్రమే. కొన్ని రూపాయల తీగ తేడాతో ఒక కారు దత్తాంశం నిలుస్తుంది, లేదా పోతుంది.

ఈ లోపం మోసపూరితమైనది. ఫ్లాష్ మెమరీ చదివేటప్పటికంటే రాసేటప్పుడు ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. అందువల్ల డ్రైవ్ చక్కగా కనిపిస్తుంది, పాత ఫైళ్లు తెరుచుకుంటాయి, రాయబోయే సరికి సంబంధం తెగుతుంది. కెర్నల్ సందేశాలలో ‘రీసెట్’ అన్న మాట మళ్లీ మళ్లీ వస్తుంటే, అవి వచ్చిన వేళలను గమనించాలి. అర్ధరాత్రి దాటాక మొదలై సూర్యుడు పైకి వచ్చాక ఆగిపోతుంటే కారణం బ్యాటరీ. రాస్ప్‌బెర్రీ పైలో వీసీజెన్‌కమాండ్ ద్వారా ‘గెట్ థ్రాటిల్డ్’ విలువ అడిగితే సున్నా రావాలి. 50000 వస్తే బోర్డు మొదలైన తరువాత ఎప్పుడో వోల్టేజీ పడిపోయిందని, 50005 వస్తే ఇప్పుడు కూడా తక్కువగానే ఉందని అర్థం. మల్టీమీటరుతో కొలిచేవారు కన్వర్టరు దగ్గర కాక బోర్డు దగ్గర, అదీ డ్రైవ్‌లో రాస్తున్న సమయంలో కొలవాలి.

ఇంకొక పరిమితి ఉన్నది. యూఎస్‌బీ 2.0 ప్రమాణం ఒక సాధనానికి 500 మిల్లీ ఆంపియర్లు అనుమతిస్తుంది. కాని రాస్ప్‌బెర్రీ పై 4లో నాలుగు పోర్టులకూ కలిపి ఇచ్చేది 1.2 ఆంపియర్లే. పెన్‌డ్రైవ్ ఒక్కటే అయితే చిక్కు లేదు. దాని స్థానంలో తిరిగే హార్డ్ డిస్కును పెట్టి, పక్కన సెల్ డాంగిల్ కూడా గుచ్చితే ఆ హద్దు దాటిపోవచ్చు. అటువంటప్పుడు సొంత విద్యుత్తు గల హబ్‌ను వాడాలి. పొలానికి మాత్రం హార్డ్ డిస్కు అవసరమే లేదు. 15 నిమిషాలకు 60 బైట్ల వరుస ఒకటి చొప్పున రోజుకు 96 వరుసలు, 5,760 బైట్లు. 120 రోజుల పంటకు 6,91,200 బైట్లు. పంట మొత్తం దత్తాంశం ఒక మెగాబైటు కూడా కాదు.

తీగ, పోర్టు, గోదావరి గాలి

ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో సాధనం కనిపించక, కెర్నల్ సందేశాలలో వివరాలు చదవలేకపోయానని ఒక సంఖ్య వస్తే ఆ సంఖ్యను రాసుకోవాలి. మైనస్ 110 అంటే సాధనం గడువులోగా జవాబు ఇవ్వలేదు. మైనస్ 71 అంటే జవాబు వచ్చింది కాని చెదిరిపోయి వచ్చింది. మొదటిది ఎక్కువగా విద్యుత్తు లేమికి, లేదా చనిపోయిన డ్రైవ్‌కు గుర్తు. రెండవది వదులు పోర్టుకు, పాడైన తీగకు. ఇది కచ్చితమైన నియమం కాదు, వెతకడానికి దిక్కు మాత్రమే.

నది ఒడ్డు గాలిలో తేమ ఎక్కువ. సార్వాలో పెట్టిన పెట్టెను దాళ్వాలో తెరిస్తే పోర్టు లోపలి రేకులపై పొర కట్టి ఉండటం, చీమలు గూడు పెట్టడం కొత్త విషయాలు కావు. పెట్టెలోకి తీగలు పై వైపు నుంచి కాక కింది వైపు నుంచి వెళ్లాలి. తీగ దూరే చోట రబ్బరు బిగింపు ఉండాలి. లోపల తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఉంచి, డ్రైవ్ మార్చే ప్రతిసారీ దాన్ని కూడా మార్చాలి. రేకులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చాకే డ్రైవ్ గుచ్చాలి. గోకడం, ఉప్పు కాగితంతో రుద్దడం వల్ల పైపూత పోయి తుప్పు మరింత త్వరగా పడుతుంది.

దోషం బోర్డుదా డ్రైవ్‌దా అన్న సందేహానికి సమాధానం మన శాస్త్రంలోనే ఉన్నది. రెండు బోర్డులు, రెండు డ్రైవ్‌లు తీసుకొని నాలుగు కలయికలనూ పరీక్షించండి. ఇది చిన్న కారక ప్రయోగమే. ఒక డ్రైవ్ రెండు బోర్డులలోనూ విఫలమైతే దోషం డ్రైవ్‌ది. ఒక బోర్డు రెండు డ్రైవ్‌లతోనూ విఫలమైతే దోషం బోర్డుది, లేదా దాని విద్యుత్తుది. నాలుగింటిలో ఒక్క కలయిక మాత్రమే విఫలమైతే అది పరస్పర ప్రభావం. డ్రైవర్‌ను అనుమానించడానికి నిజమైన కారణం అప్పుడు దొరికినట్లు. తీగనూ విద్యుత్తునూ మార్చకుండా ఈ పరీక్ష చేయాలి. ఒకేసారి మూడు వస్తువులు మార్చి ‘ఇప్పుడు పనిచేస్తున్నది’ అని సంతోషించేవారికి ఏది పాడైందో ఎప్పటికీ తెలియదు, వచ్చే నెల అదే వస్తువు మరొక పెట్టెలోకి చేరుతుంది.

డ్రైవర్ నిజంగా దోషి అయినప్పుడు

లైనక్స్‌లో నిల్వ సాధనాలకు రెండు డ్రైవర్లున్నాయి. ఒకటి ముందు చెప్పిన యూఎస్‌బీ-స్టోరేజ్. ఇది ఒక ఆదేశానికి జవాబు వచ్చాకే మరొకటి పంపుతుంది. రెండవది యూఏఎస్, ఇది అనేక ఆదేశాలను వరుసలో పెట్టి వేగంగా పనిచేస్తుంది. సాధారణ పెన్‌డ్రైవ్‌లు చాలావరకు మొదటి పద్ధతిలోనే మాట్లాడతాయి. ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీకి కలిపే అడాప్టర్లు రెండవ పద్ధతి తమకు వచ్చునని చెప్పుకుంటాయి. అందులో కొన్నింటి లోపలి చిప్‌లు ఆ మాట నిలబెట్టుకోవు. ఆదేశాలు ఎక్కువైనప్పుడు జవాబు ఆగి, రీసెట్ జరిగి, మళ్లీ ఆగి, డిస్కు మాయమవుతుంది. విద్యుత్తు సక్రమంగా ఉండి కూడా ఇలా జరుగుతుంటే, ఆ సాధనాన్ని యూఏఎస్‌తో కాక పాత డ్రైవర్‌తోనే నడపమని కెర్నల్‌కు చెప్పవచ్చు. ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో కనిపించే తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్య, వాటి చివర ‘యూ’ అన్న ఆంగ్ల చిన్న అక్షరం, ఈ మూడింటినీ మధ్యలో కోలన్ గుర్తులతో కలిపి యూఎస్‌బీ-స్టోరేజ్ డ్రైవర్‌కు చెందిన ‘క్వర్క్స్’ అనే పరామితికి ఇవ్వాలి. రాస్ప్‌బెర్రీ పైలో దీనిని బూట్ విభాగంలోని కమాండ్‌లైన్ ఫైలులో చేర్చాలి. ఆ ఫైలంతా ఒకే పంక్తిగా ఉండాలి. కొత్త పంక్తిలో రాసినది పనిచేయదు. దీనివల్ల వేగం కొంత తగ్గుతుంది. పంటకాలమంతటికీ ఒక మెగాబైటు రాయని మనకు ఆ తగ్గుదలతో పనిలేదు.

కెర్నల్‌ను తామే కుదించి నిర్మించుకునే బోర్డులలో మరొక చిక్కు ఎదురవుతుంది. బిల్డ్‌రూట్ వంటి సాధనంతో చిన్న వ్యవస్థను తయారుచేసేటప్పుడు యూఎస్‌బీ-స్టోరేజ్‌ను ఎంచుకొని స్కజీ డిస్కు తోడ్పాటును ఎంచుకోవడం మరచిపోతే, డ్రైవర్ సాధనాన్ని స్వీకరించినట్లు సందేశం వస్తుంది కాని ఎస్‌డీఏ ఎన్నటికీ రాదు. తూము తెరిచి బోదె తవ్వనట్లన్నమాట. కెర్నల్‌ను నవీకరించి బోర్డును తిరిగి ప్రారంభించకపోయినా, కొత్త కెర్నల్ పెట్టి దానికి సరిపోయే మాడ్యూళ్లను పెట్టకపోయినా ఇటువంటి లక్షణమే కనిపిస్తుంది. నడుస్తున్న కెర్నల్ సంఖ్య, మాడ్యూళ్ల డైరెక్టరీ పేరులోని సంఖ్య ఒకటేనా అని చూస్తే సరిపోతుంది.

ఒకే చిన్న పోర్టు ఉన్న బోర్డులు మరొక రకం. ఆ పోర్టు రెండు పాత్రలు పోషించగలదు: తానే యజమానిగా డ్రైవ్‌ను అడగడం, లేదా సాధనంగా మరొక కంప్యూటర్‌కు జవాబివ్వడం. మామూలు ఛార్జింగ్ తీగకు అడాప్టర్ తగిలించి డ్రైవ్ గుచ్చితే బోర్డు సాధనం పాత్రలోనే ఉండిపోవచ్చు. అప్పుడు ఒక్క సందేశమైనా రాదు. ఓటీజీ అడాప్టర్‌లో ఐదవ పోగును భూమికి కలిపి ఉంచేది యజమాని పాత్రను సూచించడానికే.

ఫైల్ వ్యవస్థ, దాగిన దత్తాంశం

డిస్కు కనిపించి మౌంట్ కాకపోతే ముందుగా అది ఏ రూపంలో ఫార్మాట్ అయిందో చూడాలి. 64 గిగాబైట్లు, అంతకు మించిన డ్రైవ్‌లు తరచుగా ఎక్స్‌ఫ్యాట్ రూపంలో వస్తాయి. లైనక్స్‌లో దానికి పూర్తి స్థాయి డ్రైవర్ 2020లో వచ్చిన 5.7 కెర్నల్‌తో చేరింది. అంతకు ముందరి కెర్నల్ నడుస్తున్న పాత బోర్డుకు అదనపు ప్యాకేజీ కావాలి. చిన్న డ్రైవ్ తీసుకొని ఫ్యాట్32లో ఫార్మాట్ చేస్తే ఆఫీసులోని విండోస్ కంప్యూటర్ కూడా చదువుతుంది. ఒక ఫైలు 4 గిగాబైట్లు దాటకూడదన్న దాని పరిమితి మనల్ని తాకదు. ఫైల్ వ్యవస్థలో లోపం కనబడగానే ఫ్యాట్ డ్రైవర్ ఆ విభాగాన్ని చదవడానికి మాత్రమే వీలయ్యేటట్లు మార్చివేస్తుంది. ప్రోగ్రాం రాయలేక ఊరుకుంటుంది. బయట దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది.

విస్తరణ శాస్త్రవేత్తలు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన విషయం మరొకటి ఉన్నది. డ్రైవ్ మౌంట్ కాకపోయినా, మౌంట్ కావలసిన డైరెక్టరీ కార్డుపై ఖాళీగా ఉంటూనే ఉంటుంది. ప్రోగ్రాంకు ఆ తేడా తెలియదు. అది నిశ్చింతగా ఆ డైరెక్టరీలోనే, అంటే బోర్డు కార్డుపైనే రాసుకుంటూ పోతుంది. బోర్డు మొదలైనప్పుడు డ్రైవ్ సిద్ధం కాకముందే ప్రోగ్రాం మొదలైతే జరిగేది కూడా ఇదే. తరువాత డ్రైవ్ మౌంట్ కాగానే కింద ఉన్న ఆ ఫైళ్లు కనుమరుగవుతాయి. అవి పోలేదు, కప్పబడ్డాయి. కనుక పెన్‌డ్రైవ్‌లో పది రోజుల ఖాళీ కనిపిస్తే, దత్తాంశం పోయిందని నిర్ణయించకముందు డ్రైవ్‌ను అన్‌మౌంట్ చేసి అదే డైరెక్టరీని తెరిచి చూడండి. పోయిందనుకున్న పూత దశ అక్కడ దొరకవచ్చు.

ఇది జరగకుండా ఉండాలంటే రాయబోయే ముందు ఆ డైరెక్టరీ నిజంగా మౌంట్ అయి ఉన్నదా అని ప్రోగ్రాం పరీక్షించాలి. లేకపోతే వేరొక పేరుతో కార్డుపై రాసి ఎర్ర దీపం వెలిగించాలి. మౌంట్ పట్టికలో డ్రైవ్‌ను ఎస్‌డీఏ1 అన్న పేరుతో కాక దాని యూయూఐడీతో గుర్తించాలి. సంబంధం తెగి మళ్లీ కలిస్తే అదే డ్రైవ్ ఎస్‌డీబీ1 కావచ్చు. అదే వరుసలో ‘నోఫెయిల్’ అన్న ఐచ్ఛికం కూడా ఉండాలి. అది లేనప్పుడు డ్రైవ్ లేకుండా మొదలైన బోర్డు అత్యవసర స్థితిలో ఆగిపోయి, కీబోర్డు లేని పొలంలో ఎవరి కోసమో ఎదురుచూస్తూ ఉంటుంది.

డ్రైవ్‌ను తీసే చేయి

లైనక్స్ రాయమన్న వెంటనే డ్రైవ్‌పై రాయదు. మెమరీలో ఉంచుకొని, సాధారణ అమరికలో 30 సెకన్లు దాటిన దత్తాంశాన్ని డ్రైవ్‌కు పంపుతుంది. డ్రైవ్‌ను ఆ లోపల లాగేస్తే చివరి వరుసలే కాదు, ఫైళ్ల పట్టిక కూడా దెబ్బతినవచ్చు. ప్రతి వరుస రాశాక ఎఫ్‌సింక్ చేసి ఫైలును మూసివేయడం ప్రోగ్రాం రాసేవారి బాధ్యత. పొలంలో డ్రైవ్ మార్చేది చాలాసార్లు క్షేత్ర సహాయకుడో రైతో. వారిని ఆజ్ఞలు టైపు చేయమనడం భావ్యం కాదు. పెట్టె మీద ఒక బొత్తాము, ఒక దీపం ఉంచాలి. బొత్తాము నొక్కితే ప్రోగ్రాం ఆగి, డ్రైవ్ అన్‌మౌంట్ అయి, దీపం ఆరాలి; దీపం ఆరాకే డ్రైవ్ తీయాలి. ఈ ఒక్క సూచనను పెట్టె మూత లోపల తెలుగులో పెద్ద అక్షరాలతో అంటించండి.

డ్రైవ్‌లను కొనగానే పరీక్షించడం కూడా అలవాటు చేసుకోవాలి. బజారులో 64 గిగాబైట్లని ముద్రించి లోపల అందులో పదో వంతు మెమరీ ఉన్న నకిలీలు దొరుకుతాయి. ఎఫ్3 అనే ఉచిత సాధనం డ్రైవ్‌ను పూర్తిగా నింపి, తిరిగి చదివి నిజం చెబుతుంది. గడియారం సంగతి కూడా చూడాలి. రాస్ప్‌బెర్రీ పై 4, అంతకు ముందరి నమూనాలలో బ్యాటరీ గడియారం లేదు; ఇంటర్నెట్ లేని పొలంలో కరెంటు పోయి వస్తే సమయం వెనక్కి పోతుంది. ఒకే సమయంతో రెండు వరుసలు కనిపిస్తే డ్రైవ్‌ను నిందించకముందు గడియారాన్ని చూడాలి. డీఎస్3231 వంటి గడియారపు చిప్‌ను చేరిస్తే ఈ బెడద ఉండదు.

దెబ్బతిన్న డ్రైవ్ చేతికి వస్తే దానిపై నేరుగా మరమ్మతు ఆజ్ఞలు నడపవద్దు. ముందుగా డీడీరెస్క్యూతో మొత్తం డ్రైవ్‌కు ఒక ప్రతి తీసి, మరమ్మతును ఆ ప్రతిపై చేయాలి. ‘ఫార్మాట్ చేయమంటారా’ అని విండోస్ అడిగినప్పుడు అలవాటుగా ‘సరే’ నొక్కేవారి వల్ల పోయిన దత్తాంశం తక్కువేమీ కాదు.

ఖాళీని ఎలా రాయాలి

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా కొన్ని గంటలో కొన్ని రోజులో దత్తాంశం ఉండకపోవచ్చు. అక్కడ ఏమి రాయాలన్నది ఇకపై కంప్యూటర్ ప్రశ్న కాదు, సస్యశాస్త్ర ప్రశ్న. సున్నా రాయకూడదు. నీటి గొట్టంలో సున్నా అంటే నీరు సరిగ్గా నేల మట్టానికి ఉన్నదని అర్థం. అది ఒక కొలత. కొలత లేనప్పుడు గడిని లోపించిన విలువగా గుర్తించాలి.

రెండు కొలతల నడుమ సరళరేఖ గీసి ఖాళీ నింపడం ఎప్పుడు సమంజసం? ఆ మధ్యలో వాన గాని, తడి గాని లేదని మోటారు పుస్తకం, వర్షమాపకం చెప్పినప్పుడు మాత్రమే. మడి ఆరుతున్న కొద్ది గంటలలో మట్టం ఇంచుమించు క్రమంగా దిగుతుంది. మధ్యలో ఒక తడి పెట్టి ఉంటే మట్టం ఒక్కసారిగా లేచి మళ్లీ దిగుతుంది. సరళరేఖ ఆ తడిని పూర్తిగా తుడిచివేస్తుంది. అప్పుడు తడి–పొడి మడికి ఎన్ని తడులు ఇచ్చామన్న లెక్క తప్పుతుంది, నీటి ఉత్పాదకత లెక్క దానితోపాటు తప్పుతుంది. నీటి పొదుపు ఎక్కువగా కనబడేది కూడా ఇటువంటి తప్పువల్లనే. ఆ అంకెను నమ్మి రైతు పూత దశలో మడిని ఆరబెడితే నష్టపోయేది మన పట్టిక కాదు, అతని గింజ.

అందుకే స్కేలుతో కొలిచే పాత పద్ధతిని మానవద్దని నా గట్టి అభిప్రాయం. సెన్సరు ఉన్నా ప్రతి ఉదయం ఒకే వేళకు ఒక కొలత పుస్తకంలో ఉండాలి. బోర్డు నిలిచిపోయిన రోజుల్లో ఆ ఒక్క అంకె తడి పడిందీ లేనిదీ చెబుతుంది. బోర్డు పనిచేస్తున్న రోజుల్లో సెన్సరు దారి తప్పిందేమో పట్టిస్తుంది. దత్తాంశ ఫైలులో విలువకు పక్కనే మరొక నిలువు వరుస ఉంచి, ఆ విలువ సెన్సరుదా, స్కేలుదా, అంచనానా అన్నది ప్రతి గడికీ నమోదు చేయాలి. ఖాళీ మొదలైన వేళ, ముగిసిన వేళ, కెర్నల్ సందేశంలో కనిపించిన సంఖ్య, మార్చిన వస్తువు, మార్చినవారి సంతకం బోర్డు పుస్తకంలో అదే రోజు రాయాలి. సిద్ధాంత వ్యాసంలోనైనా, పత్రికకు పంపే పత్రంలోనైనా సామగ్రి, పద్ధతుల విభాగంలో ఎన్ని గంటల దత్తాంశం లోపించిందో, అందులో ఎంత భాగాన్ని ఏ పద్ధతిలో పూరించామో ఒక వాక్యంలో చెప్పాలి. పూత దశలోని గంటలను అందులో విడిగా చూపాలి.